కిన్నెర మొగులయ్య: మొదటి నిమిషం తర్వాత

పోయిన నాలుగైదేళ్లుగా మన పెళ్లిళ్లలోనూ, ఉగాది సభల్లోనూ తప్పకుండా మోగే పాటల్లో 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాట ఒకటి. క్లాంగులో అయినా, ఈపోలో అయినా మన పిల్లలకి ఆ పాటకి అడుగులు వచ్చు. 2021 సెప్టెంబరు 2న విడుదలైన పాట అది. సంగీతం తమన్, సాహిత్యం రామజోగయ్య శాస్త్రి. అసలు పాట అందుకునే ముందు ఒక పెద్దాయన గొంతు సుమారు నిమిషంసేపు వినిపిస్తుంది. వెనక ఏదో తీగ వాయిద్యం. మన సభల్లో పాటలు వేసే కుర్రాళ్లు చాలాసార్లు ఆ నిమిషాన్ని దాటించేసి, దరువు మొదలయ్యే చోటనుంచి వేస్తారు. ఎందుకూ అని అడిగితే, "అక్కడ డాన్సుకి బీటు లేదు కదండీ" అన్నాడొక అబ్బాయి. న్యాయమైన మాటే. నేను రాయబోయేది ఆ బీటు లేని నిమిషం గురించి, ఆ గొంతు గల మనిషి గురించి, సినిమా బయట ఆయన పాడే పాట గురించి.

ఆయన పేరు దర్శనం మొగులయ్య. జనం కిన్నెర మొగులయ్య అంటారు. తెలంగాణలో నాగర్‌కర్నూలు జిల్లా, లింగాల మండలం, అవుసలికుంట ఆయన ఊరు. నల్లమల అడవికి దగ్గరగా ఉండే పాత పాలమూరు నేల అది. ఆయన వాయించేది 12 మెట్ల కిన్నెర. తాతతండ్రుల నుంచి చేతికి వచ్చిన వాయిద్యం. 2022 జనవరిలో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించాక ఆయన ఫొటో అందరూ చూశారు: తలపాగా, భుజం మీదుగా ఛాతీకి ఆనించుకున్న పొడవాటి కిన్నెర.

కిన్నెర అనగానే మనలో తెలుగు పుస్తకాలు చదివినవాళ్లకి విశ్వనాథ సత్యనారాయణ గారి కిన్నెరసాని గుర్తుకొస్తుంది. అది భద్రాద్రి వైపు పారే ఏరు. ఈ కిన్నెర వేరు. వెదురు బొంగు దండి, దాని కింద ఎండబెట్టిన సొరకాయ బుర్రలు, బొంగు మీద మైనంతో నిలబెట్టిన మెట్లు, వాటి మీదుగా సాగే తీగలు. చుట్టూ అద్దం ముక్కలు, నెమలీకలు. వీణకి 24 మెట్లుంటే దీనికి సగం. వాయిద్యం మాత్రం కొత్తదేమీ కాదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుడున్నాడు. కిన్నెర వాయించి శివుణ్ణి కొలిచినవాడు. అంటే 13వ శతాబ్దపు తెలుగు కవికి ఈ వాయిద్యం తెలుసు, దాన్ని వాయించేవాడు కావ్యంలోకి ఎక్కదగినవాడని కూడా తెలుసు. ఆ తర్వాత మన సంగీత సభల్లో వీణకి పీట దొరికింది. కిన్నెర ఊరి బయటే ఉండిపోయింది.

సినిమా పాట విన్నాక నేను ఇంటర్నెట్‌లో మొగులయ్య విడిగా పాడిన పాటలు వెతికి విన్నాను. ఒక్కొక్కటి విడతలు విడతలుగా, చాలా రాత్రులు. మొదట ఎదురైన కష్టం భాష. మలేషియా తెలుగువాళ్లలో ఎక్కువమంది లాగే మా ఇంటి తెలుగు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపుది. మా అమ్మమ్మ 'ఎల్లిపోనాడు' అంటే మొగులయ్య 'పోయిండు' అంటాడు. మధ్యలో ఉర్దూ మాటలు, పాలమూరు ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, గుట్టల పేర్లు. సినిమా పాటకి అలవాటుపడిన చెవికి మొదట అంతా ఒకటే వరస లాగా ఉంటుంది. పల్లవి ఎక్కడ, చరణం ఎక్కడ అని వెతుక్కుంటాం. అవి అక్కడ ఉండవు. కథ ఉంటుంది. పాట కాసేపు, వచనం కాసేపు, మళ్లీ పాట. వచనం దగ్గర గొంతు ఒక్కసారిగా మామూలు మాటలోకి దిగిపోతుంది, అరుగు మీద కూచుని ఊరి సంగతి చెబుతున్నట్టు. అంతలో కథలో ఎవరో గుర్రం ఎక్కుతారు, లేదా ఎవరినో పట్టుకుపోతారు. అక్కడ గొంతు లేస్తుంది. కిన్నెర దాన్ని మోస్తుంది.

ఆ మోయడం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మన కచేరీల్లో పక్కవాద్యం గాయకుణ్ణి అనుసరిస్తుంది, సందు దొరికితే తన ప్రతాపం చూపిస్తుంది. ఇక్కడ పాడేవాడూ, వాయించేవాడూ ఒకడే. ఊపిరి తీసుకోవడానికి గొంతు ఆగిన చోట తీగ అదే బాణీని మళ్లీ ఒకసారి అంటుంది, విన్నవాళ్లు మరిచిపోకుండా. గొంతుకి వయసుంది, బొంగురుంది. పైస్థాయిలో ఒక్కోసారి చిరుగుతుంది. దాన్ని దాచుకునే ప్రయత్నం ఏమీ ఉండదు. తీయదనం కోసం వింటే నిరాశే. నమ్మించే శక్తి కోసం వింటే, ఈ మధ్య కాలంలో తెలుగులో నేను విన్న గొంతుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. ఈ మాట అంటే మా ఇంట్లో బాలసుబ్రహ్మణ్యం గారి అభిమానులు ఊరుకోరు. ఆ పోలికే తప్పు, ఇద్దరి పనీ వేరు.

మొగులయ్య పాడే కథల్లో పేరున్నది పండుగ సాయన్న కథ. నిజాం కాలపు పాలమూరులో ఉన్నవాళ్లని దోచి లేనివాళ్లకి పంచిపెట్టాడని చెప్పుకునే మనిషి సాయన్న. చివరికి సర్కారు చేతిలో చనిపోయాడు. చరిత్ర పుస్తకాల్లో ఆయనకి దొరికిన చోటు తక్కువ, కిన్నెర మీద దొరికింది ఎక్కువ. ఇలాంటి కథలకి తెలుగులో పాత వంశమే ఉంది. 1708లో వరంగల్లు కోట మీద పడి, 1710లో చంపబడ్డ సర్వాయి పాపడి పాటని జె.ఎ.బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి 1874లో 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చు వేయించాడు. మన జానపద గేయాలు పత్రికకి ఎక్కడం దాదాపు అక్కడే మొదలు. ఇంగ్లండు వాళ్లకి రాబిన్ హుడ్ ఉన్నట్టే మనకి పాపడు, సాయన్న. తేడా ఏమిటంటే రాబిన్ హుడ్ పిల్లల సినిమా అయిపోయి చాలా కాలమైంది. సాయన్న కథని ఊరూరా తిరిగి చెప్పి పొట్ట పోసుకున్న మనిషి మాత్రం మన కాలంలోనే రికార్డయ్యాడు.

ఇప్పుడు సినిమాలోని ఆ నిమిషం దగ్గరికి వస్తాను. అందులో మొగులయ్య ఏం చేస్తున్నాడు? హీరో ఎక్కడ పుట్టాడో చెబుతున్నాడు, మేడలో కాదు, తండాలో అని. తల్లి పురుటి నొప్పులు చెబుతున్నాడు. తర్వాత తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ఆ తర్వాతే హీరోకి పెట్టిన పేరు. ఇది సినిమా కోసం పుట్టిన వరస కాదు. మొగులయ్యది డక్కలి కులం. డక్కలివాళ్లు మాదిగలకి ఆశ్రితులు. జాంబపురాణం చెప్పడం, మాదిగల గోత్రాలు, వంశాలు వినిపించడం వాళ్ల వృత్తి. ఎవడి ఇంటి ముందు నిలబడ్డాడో వాడి ముత్తాత దాకా పేర్లు చెప్పి, నువ్వు ఫలానావాడివి అని వాడికే గుర్తుచేయడం. సినిమా వాళ్లు తెలిసి చేశారో, గొంతు బాగుందని చేశారో గానీ, ఒక స్టార్ హీరోని తీసుకొచ్చి డక్కలి పాటలో మాదిగ ఇంటి పెద్ద నిలబడే చోట నిలబెట్టారు. తెలుగు సినిమాలో హీరో పరిచయానికి ఎన్నో పద్ధతులు చూశాం: కారులోంచి కాలు దిగడం, సుమోలు గాల్లోకి ఎగరడం. ముత్తాత పేరుతో పరిచయం చేయడం వాటన్నిటికన్నా గట్టిది. ఎందుకంటే అది నిజంగా ఒక మనిషిని ఊరికి పరిచయం చేయడానికి తరతరాలుగా వాడిన పద్ధతి.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ పద్ధతిలో పేర్లు చెప్పడం అయిపోయాక కథ మొదలవ్వాలి. ఇక్కడ పేర్లు అవగానే కిన్నెర ఆగిపోతుంది, డ్రమ్ములు అందుకుంటాయి. తర్వాత వచ్చే పాట చెడ్డదని అనను, దాని పని అది చేస్తుంది. కానీ మొగులయ్యని గుమ్మం దాకా రానిచ్చి, అక్కడే ఆపేసినట్టుంటుంది. మన కుర్రాళ్లు ఆ మిగిలిన నిమిషాన్ని కూడా కోసేస్తున్నారు. కోసేవాళ్లని తప్పుపట్టి లాభం లేదు. కథ రాని ఉపోద్ఘాతాన్ని ఎవరు వింటారు?

ఆశ్రిత కులం అన్నాను. ఆ మాట మలేషియాలో పుట్టిన పిల్లలకి అర్థం కాదు, కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగు నేల మీద ఒక్కో కులానికి పాడేవాళ్లు, ఆడేవాళ్లు వేరే ఉన్నారు. మాదిగలకి డక్కలివాళ్లు, చిందువాళ్లు. పద్మశాలీలకి కూనపులివాళ్లు, మార్కండేయ పురాణం పటం మీద చూపించి చెప్పేవాళ్లు. గొల్లలకి మందహెచ్చులవాళ్లు. వాళ్లు అడుక్కునేవాళ్లు కారు. ఫలానా ఊరు, ఫలానా ఇళ్లు తమవి అని హక్కు ఉంటుంది, దాన్ని మిరాశి అంటారు. ఏడాదికో, రెండేళ్లకో వస్తారు, కథ చెబుతారు, ధాన్యమో డబ్బో తీసుకుంటారు. ఆ హక్కు వెనక అంటరానితనం కూడా ఉంది. డక్కలివాళ్లని మాదిగలు కూడా దూరంగా ఉంచిన సంగతి దాచాల్సిన పనిలేదు. పాట అందమైనది, దాన్ని పట్టి ఉంచిన ఏర్పాటు అందమైనది కాదు. ఇది రెండూ కలిపి చెప్పకపోతే జానపదం మీద మనం రాసేదంతా పండగ బట్టలు కట్టిన బొమ్మలాగే ఉంటుంది.

ఇప్పుడు మన సంగతి. మన ముత్తాతలు కంగాణీల వెంట ఓడలెక్కి ఈ మలయాకి వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేసేదాకా వస్తూనే ఉన్నారు. కంగాణీ ఎవరిని తెచ్చాడు? రబ్బరు చెట్టు గీయగలవాణ్ణి, కొబ్బరి తోటలో పని చేయగలవాణ్ణి. కిన్నెర వాయించేవాణ్ణో, జముకు వాయించి కథ చెప్పేవాణ్ణో ఏ దొర లెక్కలో వేసుకుంటాడు? ఒకడో ఇద్దరో కూలీగా వచ్చి ఉన్నా, ఇక్కడ ఎస్టేటు లైన్లలో వాడి మిరాశి ఇళ్లు ఎక్కడున్నాయి? వినాల్సిన కుటుంబం ఒక తోటలో, వాడు ఇంకో తోటలో. అందుకే మనతో సముద్రం దాటినవి ఒక రకం పాటలే అని నా అభిప్రాయం: ఒక్క మనిషి గొంతులో పట్టేవి. జోలపాటలు, పెళ్లిపాటలు, పని పాటలు, రామభజనలు. పాడే మనిషికీ వినే ఇంటికీ మధ్య ఒప్పందం ఉంటేనే బతికే పాటలు అక్కడే ఉండిపోయాయి. మన రామమందిరాల్లో భజన నిలబడింది కానీ, ముత్తాత పేరు చెప్పే మనిషి మన గుమ్మం ముందుకి రాలేదు. మన కుటుంబాల్లో మూడు తరాల వెనక పేరు అడిగితే చాలామంది తడుముకునేది ఇందుకే. కాగితాలు పోయాయని అంటాం. కాగితాలు ఆ ఊళ్లోనూ లేవు, గొంతులుండేవి.

ఇక్కడ ఇంగ్లండు మాట ఒకటి చెబుతాను, మనలో ఇంగ్లీషు చదువులవాళ్లే ఎక్కువ కాబట్టి. 1903లో సోమర్‌సెట్‌లోని హాంబ్రిడ్జ్ అనే పల్లెలో సెసిల్ షార్ప్ అనే సంగీతం మేష్టారు, ఒక తోటమాలి పని చేసుకుంటూ పాడుతున్న పాట విని రాసుకున్నాడు. తోటమాలి పేరు జాన్ ఇంగ్లండ్. అక్కణ్ణుంచి షార్ప్ 1924లో పోయేలోపు దాదాపు 5,000 బాణీలు సేకరించాడు. అచ్చు వేసేటప్పుడు మోటు మాటలున్న చోట్ల సర్దేశాడని తర్వాతివాళ్లు తప్పుపట్టారు, ఆ తప్పుపట్టడం సబబే. నన్ను ఆలోచింపజేసేది ఆ కాలం. అదే పదేళ్లలో మలయాలో రబ్బరు జోరందుకుంది. ఒకే రాజ్యం తన పల్లెల్లో పాటలు ఏరుకుంటోంది, మన పల్లెల్లో కూలీలని ఏరుకుంటోంది.

ఆ పాటల్ని ఇప్పుడు పాడేవాళ్లలో సామ్ లీ అనే గాయకుడున్నాడు. 1980లో లండన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు, చిత్రకళ చదివాడు. పల్లెటూరుతో గానీ, పాటతో గానీ వంశపారంపర్యం ఏమీ లేదు. అబర్డీన్‌లో స్టాన్లీ రాబర్ట్‌సన్ అనే పెద్దాయన దగ్గర శిష్యుడిగా చేరాడు. రాబర్ట్‌సన్ స్కాట్లండు ట్రావెలర్ జాతివాడు, అంటే మన సంచార జాతుల్లాంటివాళ్లు. బతుకుతెరువుకి చేపలు కోసే పని చేసేవాడు, ఒళ్లంతా కథలూ పాటలూ. 2009లో పోయాడు. గురువు పోయాక సామ్ లీ జిప్సీల, ట్రావెలర్ల శిబిరాల వెంట తిరిగి పాటలు నేర్చుకున్నాడు. 2012లో వచ్చిన మొదటి ఆల్బం 'గ్రౌండ్ ఆఫ్ ఇట్స్ ఓన్' మెర్క్యురీ బహుమతికి తుది జాబితా దాకా వెళ్లింది. అందులో గిటారు తీసి పక్కనపెట్టి మన శ్రుతిపెట్టె వాడాడు. విన్నవెంటనే నాకు దగ్గరగా తోచడానికి అదొక కారణం కావచ్చు. 2020లో వచ్చిన 'ఓల్డ్ వౌ'లో మెరుగు ఎక్కువైంది, నా ఓటు మొదటిదానికే.

సామ్ లీని మొగులయ్యతో పోల్చడం గొంతుల కోసం కాదు. ఇంగ్లండులో ఈ పాటలు పాడేవాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. పాట ఎత్తుకునే ముందు ఇది ఫలానావారి దగ్గర నేర్చుకున్నాను, వాళ్లు ఫలానావారి దగ్గర నేర్చుకున్నారు అని చెబుతారు. ఆల్బం మీద కూడా రాస్తారు. జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పేరు నూట ఇరవై ఏళ్ల తర్వాత ఈ మలేషియాలో కూచున్న తెలుగువాడికి తెలిసిందంటే ఆ ఆనవాయితీ వల్లే. మన క్యాసెట్ల మీద ఏముండేది? 'జానపదం', లేదా 'సంప్రదాయం'. ఎవరిదీ కాని పాట అని అర్థం. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు. మొగులయ్య విషయంలో 'భీమ్లా నాయక్' వాళ్లు ఆయన ముఖం చూపించారు, పేరు వేశారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. అందుకే పద్మశ్రీ కన్నా ముందు ఆయన పేరు మన దాకా వచ్చింది.

రెండో తేడా చేదైనది. సామ్ లీ ఈ పాటని ఎంచుకున్నాడు. వద్దనుకుంటే బొమ్మలు వేసుకుని బతకగలడు. మొగులయ్యకి పాట పుట్టుకతో వచ్చింది, పాటతోపాటు కులం కూడా వచ్చింది. పాడమన్నప్పుడు ఊరు వింటుంది, పాట అయ్యాక ఎక్కడ కూచోమంటుంది? పద్మశ్రీ వచ్చిన 2022లోనే తెలంగాణ ప్రభుత్వం ఆయనకి కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అంతకుముందే ఆయన మీద పాఠం ఎనిమిదో తరగతి పుస్తకంలోకి ఎక్కింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టే చోట కూలిపని చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ప్రకటించిన సాయం ఎంత అందింది, ఎంత ఖర్చయింది అని అప్పుడు చాలా వాదన జరిగింది. ఆ లెక్కల్లోకి నేను దిగను. నాకు తోచేది ఒకటే. మిరాశి అనే పాత ఏర్పాటు అన్యాయమైనదే అయినా, ఏడాదికొకసారి కచ్చితంగా పాట వినే ఇల్లు ఒకటుండేది. సన్మానం ఇంటిని చూపించదు. శాలువా కప్పినవాళ్లు రెండోసారి పాడమని పిలవరు.

మొగులయ్య అనే పేరుతోనే ఇంకో గాయకుడి గురించి చెప్పకపోతే ఈ విమర్శ సగమే అవుతుంది. మనవాళ్లు ఇద్దరినీ ఒకరే అనుకుని మాట్లాడడం విన్నాను. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య వేరే మనిషి. భార్య కొమురమ్మతో కలిసి 2023 మార్చిలో వచ్చిన 'బలగం' సినిమా చివర్లో పాడింది ఆయన. దర్శకుడు వేణు ఎల్దండి, సంగీతం భీమ్స్. చనిపోయిన తాత పదకొండో రోజు, పిట్ట ముద్ద ముట్టలేదని ఇల్లంతా కొట్టుకుంటున్న వేళ, ఆ దంపతులు వచ్చి చనిపోయినవాణ్ణి గురించి పాడతారు. తెలంగాణ పల్లెల్లో ఇలా పాడే కుటుంబాలు నిజంగానే ఉన్నాయి.

ఆ పాట దగ్గర సినిమా ఆగుతుంది. ఎవరూ నాట్యం చేయరు, డ్రమ్ములు అందుకోవు, కెమెరా ఏడుస్తున్న ముఖాల మీద నిలబడుతుంది, పాట పూర్తవుతుంది. పాట తన పని చేస్తుంది: పోట్లాడుకుంటున్న బిడ్డలకి, మీ నాయన ఇలాంటివాడు అని చెబుతుంది. కథలో ముడి విప్పేది ఆ పాటే, ఇంకేదీ కాదు. తెలంగాణ ఊళ్లలో ఆరుబయట తెరలు కట్టి ఆ సినిమా చూశారని, చూసి విడిపోయిన అన్నదమ్ములు కలిశారని వార్తలు వచ్చాయి. తెర మీది గాయకుడు తెర బయట కూడా తన మిరాశి ఇళ్లు కూడగట్టుకున్నాడన్నమాట. పస్తం మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబరు 19న వరంగల్లులో కన్నుమూశాడు.

ఈ రెండు సినిమాల్నీ పక్కపక్కన పెడితే, జానపద గాయకుణ్ణి సినిమాలో వాడుకోవడంలో ఉన్న తేడా తెలుస్తుంది. ఒకచోట గొంతు రుచి కోసం, కూరలో కరివేపాకులా. ఇంకోచోట కథ ఆ గొంతు మీదే నిలబడింది. కిన్నెర మొగులయ్యకి 'బలగం' లాంటి సినిమా దొరకలేదు. సాయన్న కథని మొదటినుంచి చివరిదాకా ఆయన చేత చెప్పించి, మధ్యలో కోయకుండా తీసిన సినిమా ఒకటి ఉండి ఉంటే అది వేరే సంగతి. ఆ లోటుని కొంత తీర్చింది జయధీర్ తిరుమలరావు గారి లాంటి పరిశోధకులు. అంతరించిపోతున్న వాయిద్యాల్ని, వాటిని వాయించేవాళ్లని వెతికి, రికార్డు చేసి, ప్రదర్శనలు పెట్టినవాళ్లు వాళ్లు. సినిమా వాళ్లు వచ్చేసరికి దారి అప్పటికే వేసి ఉంది.

మన దగ్గర ఈ పని ఎంత జరిగింది? 1955లో ఇక్కడ తెలుగువాళ్లు సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. భాష కోసం, బడుల కోసం పెద్దలు చేసిన శ్రమ చిన్నది కాదు. అటు తమిళం, ఇటు మలాయ్, ఇంగ్లీషు మధ్య తెలుగు నిలబడిందంటే వాళ్ల వల్లే. అయితే పాట దగ్గరికి వచ్చేసరికి మనం హైదరాబాదు వైపు చూస్తాం. సభలో 'జానపద నృత్యం' అని ప్రకటిస్తే తొంభై పాళ్లు సినిమా పాటే. మన ఎస్టేట్లలో పాడిన పాట ఆ స్టేజి ఎక్కగా నేను చూడలేదు.

రెండేళ్ల కిందట బాగాన్ డాటో వైపు ఒక కొబ్బరి తోట ఊళ్లో, ఎనభై దాటిన ఒక అమ్మమ్మ చేత ఫోనులో పాట రికార్డు చేయించుకున్నాను. పెళ్లిలో వియ్యపురాళ్లని ఆటపట్టించే పాట. రెండు నిమిషాలు కూడా లేదు. మధ్యలో ఒక చరణం మరిచిపోయి, "నవ్వకండర్రా" అని మనవల్ని కసిరి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అయ్యాక నేను ఇంగ్లండువాళ్ల ఆనవాయితీ గుర్తుపెట్టుకుని, "ఈ పాట మీకెవరు నేర్పారమ్మా?" అని అడిగాను. "నాకెవులు నేర్పుతారు బాబూ, మాయమ్మ పాడతంటే ఇన్నాను" అంది. అమ్మకెవరు అంటే వాళ్లమ్మ. ఆవిడది బొబ్బిలి దగ్గర ఊరట. ఆ ఊరు పేరు, చెరువు పేరు, ఓడెక్కిన ఏడు కరువు, ఓడలో పోయిన బిడ్డ, మొదట దిగిన తోట, ఆ తోట కంగాణీ పేరు, వాడి గుణం. పాట రెండు నిమిషాలైతే ఇది నలభై నిమిషాలు పట్టింది. పక్కన కూచున్న మనవలు, నలభై దాటినవాళ్లు, తమ ముత్తవ్వ పేరు మొదటిసారి అప్పుడే విన్నారు. పెద్ద మనవడు ఫోను తీసి ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. స్పెల్లింగు ఎలా అని నన్నడిగాడు.

మీరు కిన్నెర మొగులయ్యని వినాలనుకుంటే సినిమా పాటతో మొదలుపెట్టండి, ఫరవాలేదు, కానీ ఆ నిమిషం దాటించకండి. తర్వాత ఇంటర్నెట్‌లో ఆయన సాయన్న కథ చెబుతున్న వీడియోలు దొరుకుతాయి. శబ్దం అంత బాగుండదు, ఎవరో ఫోనుతో తీసినవి కూడా ఉన్నాయి, పక్కన కోళ్లు అరుస్తుంటాయి. పాలమూరు మాట ఎరిగిన స్నేహితుణ్ణి ఎవరినైనా పక్కన కూచోబెట్టుకోండి. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల్లో ఆ జిల్లావాళ్లు దొరకొచ్చు. పాట ఆగి వచనం వచ్చినప్పుడు ముందుకి జరపకండి. సాయన్న గురించి అసలు సంగతులన్నీ అక్కడే చెబుతాడు.